మాస్టారి పేరులో గుడి

అక్షరం తప్పు కనబడితే సీతారామాంజనేయులు మాస్టారికి అన్నం సయించదు. పెళ్లి శుభలేఖ చేతికిస్తే ఎర్రపెన్నుతో దిద్ది, "వధూవరులకు ఆశీస్సులు. తప్పులు నాలుగు" అని రాసి తిరిగిచ్చేస్తారు. ఓసారి ఏదో కార్డులో ఆయన పేరు "సీతారామాంజినేయులు" అని పడింది. ఎనిమిది నెలలు ఆ ఆఫీసు చుట్టూ తిరిగారు. "నా పేరులో గుడి కట్టమని ఎవరడిగారండీ?" అని నిలదీసేసరికి గుమాస్తా టీకని లేచి వెళ్లిపోయేవాడు.

మండవల్లి దగ్గర ఆయన హెడ్మాస్టరుగా ఉన్న చిన్నబడిలో నఫీసా టీచరు కొత్తగా చేరింది. రెండువేల ఎనిమిదిలో నాలుగో తరగతి చేత బ్లాగు మొదలుపెట్టించింది. వారానికో విషయం, ఒక్కొక్కరిదీ ఒక్కో వాక్యం, అన్నీ కలిపి ఒక టపా. శనివారం ఏలూరు నెట్ సెంటర్లో టైపు చేసి, సోమవారం అచ్చుకాగితం తెచ్చి గోడకి అంటించేది.

"నేను చూడకుండా ఒక్క అక్షరం బయటికి వెళ్లకూడదండీ. ప్రపంచం చదువుతుంది," అన్నారు మాస్టారు.

"పిల్లలే ఒకరిది ఒకరు దిద్దుకుంటున్నారండీ."

"దిద్దుకోనివ్వండి. తరవాత నేను దిద్దుతాను."

ఓ వారం కృపావరం అనే పిల్ల "మా నాన్న వత్తాడు" అని రాసింది. ఇక్కడి చేపల చెరువులో పని పోయాక ఆ పిల్ల తండ్రి దేవదానం నెల్లూరు అవతల రొయ్యల చెరువుల మీదికి వెళ్లాడు. ఆదివారం పూట అక్కడి నెట్ సెంటర్లో బ్లాగు తెరిపించుకుని కూతురి వాక్యం వెతుక్కునేవాడు. మాస్టారు ఆ మాట చుట్టూ ఎర్రసున్నా చుట్టి, "వత్తాడేమిటే? వస్తాడు!" అని పైకి చదివారు. తరగతంతా గొల్లున నవ్వింది. కృపావరం పుస్తకం మూసేసింది.

తరవాత రెండు వారాలు టపాలో ఆ పిల్ల వాక్యం లేదు. కింద తండ్రి వ్యాఖ్య మాత్రం వచ్చింది: "పాప రాయలేదేటండి, వంట్లో బాగోలేదా".

నఫీసాకి మాస్టారి మీద ఒళ్లు మండింది. ఆ వ్యాఖ్య అచ్చు తీయించి తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన రెండుసార్లు చదివారు. పెన్ను మాత్రం తియ్యలేదు.

"ఈ వారం నేనూ ఓ వాక్యం రాస్తానండీ. ఉన్నదున్నట్టు టైపు చెయ్యండి," అన్నారు.

నఫీసా ఆయన రాసిచ్చిన కాగితం చూసి తెల్లబోయింది. "ఏవండీ మాస్టారూ, మీ పేరు..."

"ఉన్నదున్నట్టండీ."

సోమవారం గోడ మీద టపా చివర "నేను రోజూ బడికి వస్తాను. సీతారామాంజినేయులు" అని ఉంది. పిల్లలు దాని ముందు గుమిగూడారు. ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. చివరికి కృపావరమే అంది: "మాస్టారండీ, మీ పేరులో గుడి పడిందండీ."

ఆయన ఎర్రపెన్ను ఆ పిల్ల చేతికిచ్చారు. మునివేళ్ల మీద నిలబడి గుడి కొట్టేసింది.

"నాకూ తప్పులొస్తాయమ్మా. అంతమాత్రాన రాయడం మానేస్తామా?"

"మానకూడదండీ," అంటూనే వెళ్లి పుస్తకం తెరిచింది.

శనివారం నఫీసా టైపు చెయ్యాల్సిన వాక్యాలు సర్దుకుంటూ ఆగింది. "కృపావరం మళ్లీ 'మా నాన్న వత్తాడు' అనే రాసిందండీ. దిద్దమంటారా?"

మాస్టారు తల అడ్డంగా ఊపారు.

"ముందు ఆయన్ని రానివ్వండమ్మా. వచ్చాక దిద్దుదాం."