పెద్దమ్మ చేతి ముద్ద

శిశుగృహంలో పిల్లలకు తినిపించే ఆయాని అందరూ పెద్దమ్మ అంటారు. చెరో మోకాలి మీద ఒకణ్ణి కూర్చోబెట్టుకుని, చెంచాతో గిన్నె అంచు మీద టకటకా కొడుతుంది. ఆ చప్పుడు వింటే ఎంత మొండిఘటమైనా నోరు తెరవాల్సిందే. ఒక్క బుడ్డిది మాత్రం ఆమెని ఓడించింది. నోరు తెరిచేది, మింగేది, కానీ తిన్నది ఒంటికి పట్టేది కాదు. రెండేళ్లు నిండినా ఏడాది పిల్ల గౌను దానికి వదులే. అలా అరచేతిలో పిట్టలా ఉండగానే, ఎవరో దత్తత తీసుకుంటే దేశం దాటి వెళ్లిపోయింది.

ఏడాది తిరిగాక ఇవాళ, పెద్దమ్మ పిల్లలకి తినిపిస్తుండగా, మేనేజరమ్మ ఫోను పట్టుకొచ్చింది. వీడియో కాల్‌లో బుడ్డిది, కొత్తమ్మ ఒళ్లో. బుగ్గలు నిండాయి, మణికట్ల దగ్గర మడతలు పడ్డాయి. "జానెడు పెరిగిందట పెద్దమ్మా! ఈడు పిల్లల్ని అందుకుందట," అంది మేనేజరమ్మ. "చల్లగా ఉండాలి నా తల్లి," అంది పెద్దమ్మ. గిన్నెలోకి చూస్తూ, "నా చేతి ముద్ద ఏం పాపం చేసిందో," అని గొణుక్కుంది. "బుడ్డీ, నేనే!" అని పిలిస్తే, ఆ పిల్ల ఎవరో అన్నట్టు చూసి అమ్మ భుజంలో మొహం దాచుకుంది. ఇంతలో మోకాలి మీదవాడు ఆకలికి రాగం అందుకున్నాడు. పెద్దమ్మ చూపు తిప్పుకుని గిన్నె అంచు మీద టకటకా కొట్టింది. ఫోనులో బుడ్డిది గిరుక్కున తిరిగి నోరు తెరిచింది. ముద్దతో లేచిన చెంచా ఫోను దాకా వెళ్లి ఆగిపోయింది.