గెలిచామనుకుని నేనొక్కదాన్నే గెంతిన రోజు: పంజాగుట్టలో ఒక బాస్కెట్‌బాల్ మ్యాచ్

మా ఆయన కిశోర్‌ని ఇంటికి తీసుకొచ్చేద్దామని హైదరాబాదు బయల్దేరాను. పెళ్ళయి మూడు నెలలైనా కాకుండానే ఆయనకి అక్కడ కొత్తగా పెట్టిన బాస్కెట్‌బాల్ లీగులో ఒక జట్టు నుంచి పిలుపొచ్చింది. జీతమిచ్చి ఆడించే జట్టు. యజమాని సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆయన. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఏం పెట్టినా నడిచిపోతుందని అందరూ నమ్ముతున్న రోజులు కాబట్టి మేమూ నమ్మాం. కానీ సీజన్ మొదలయ్యాక కిశోర్ ఇంటికి రావడం మానేసి, ఆయన గొంతు మాత్రమే ఫోనులో వచ్చేది. ఇంతలో మా రాజమండ్రిలో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్ళు ఆటల మాస్టారి ఉద్యోగం ఇస్తామని, సోమవారం వచ్చి చేరకపోతే ఇంకొకర్ని చూసుకుంటామని కబురు పెట్టారు. ఆ మాట చెబితే కిశోర్, "శనివారం ప్లేఆఫ్ ఉంది లావణ్యా. గెలిస్తే సెమీఫైనల్‌కి బెంగళూరు వెళ్ళాలి. ఓడిపోతే ఆదివారం బండెక్కేస్తా" అన్నారు. ఆయన ఓడిపోతే మాకు ఉద్యోగం, గెలిస్తే లేదు. ఇందులో దేనికి దణ్ణం పెట్టుకోవాలో తెలియక, శుక్రవారం సాయంత్రం రైలెక్కి కూర్చున్నాను.

పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగాను. సామాను తక్కువుంటే స్టేషన్ బయట సనత్‌నగర్ వైపు వెళ్ళే సిటీ బస్సెక్కితే నాలుగైదు రూపాయలతో అమీర్‌పేట చేరిపోవచ్చు. నా దగ్గర పూతరేకుల డబ్బాలతో కలిపి మూడు సంచులున్నాయి, అందుకని ఆటో ఎక్కాను. డెబ్భై రూపాయలైంది. డ్రైవర్ అద్దంలోంచి చూస్తూ, "ఏ కోర్సు మేడం?" అన్నాడు.

"కోర్సు కాదండీ, బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూడటానికి వచ్చాను."

"అమీర్‌పేటల మ్యాచా? గాడ కోర్సులు తప్ప ఏముంటయ్ మేడం. మీకెవరో తప్పు చెప్పిండ్రు."

అతను అంత గట్టిగా చెప్పేసరికి నాకూ అనుమానం వచ్చింది. దిగేవరకు ఆ చోటు పేరు సరిగ్గానే విన్నానా అని ఆలోచిస్తూనే ఉన్నాను.

జట్టు కుర్రాళ్ళంతా ఎస్.ఆర్. నగర్‌లో ఒకే ఫ్లాటులో ఉంటారు. అక్కడ ఆడవాళ్ళకి చోటు లేదు కాబట్టి కిశోర్ నాకు మధురానగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో మంచం మాట్లాడారు. ఒకటి రెండు రోజులకైతే టిఫినుతో కలిపి రోజుకి నూరు. నడిపేది గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన గ్రేస్ ఆంటీ. ఆమె వేడి ఉప్మా పెడుతూ, "ఏంటమ్మా, ముఖం అలా ఉంది?" అనగానే విషయమంతా చెప్పేశాను. ఆమె శ్రద్ధగా విని, "సరే, ప్రార్థన చేస్తాను. గెలవాలని చెయ్యనా, ఓడాలని చెయ్యనా?" అంది. నేను చెంచాతో ఉప్మా కెలికాను. "పోన్లే, ప్రభువుకే వదిలేద్దాం" అని ఆమె చట్నీ గిన్నె నా వైపు జరిపింది.

కాసేపటికి కిశోర్ వచ్చారు. మనిషి నల్లబడ్డారు, సన్నబడ్డారు, నడకలో మాత్రం కొత్త హుషారు కనిపించింది. హాస్టల్ మెట్ల మీద కూర్చుని సీజనంతా చెప్పారు. ఎనిమిది జట్లట. మొదటి మూడు మ్యాచులూ వరసగా ఓడిపోయారట. అప్పుడు కోచ్ బెంచీ మీద కూర్చోబెట్టిన ఈయన్ని బాల్ నడిపించే స్థానంలోకి మార్చాడట. అక్కడి నుంచి గెలుపు మీద గెలుపు, చివరికి పట్టికలో రెండో స్థానం. ఇప్పుడు ఏడో స్థానంలో వచ్చిన జట్టుతో ఒక్క మ్యాచ్ ఆడాలి. ఓడినవాళ్ళు ఇంటికే.

"ఆ ఏడో జట్టుని ఇదివరకు ఓడించారా?"

"రెండుసార్లు."

"మరి మళ్ళీ ఎందుకు ఆడటం?"

"ప్లేఆఫ్ అంటే అంతే. ఇప్పటిదాకా గెలిచినవేవీ ఇందులో లెక్కకి రావు."

"లెక్కకి రానప్పుడు ఇన్ని నెలలు ఎందుకు ఆడారండీ?"

ఆయన నవ్వి లేచారు. తరవాత జట్టు మీటింగుందని, మూడింటికి వచ్చి తీసుకెళ్తానని వెళ్ళిపోయారు. ఉద్యోగం సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

హాస్టల్లో కూర్చోలేక మైత్రీవనం వైపు నడిచాను. అమీర్‌పేట చూడనివాళ్ళకి ఆ వీధి ఎలా చెప్పాలో తెలియదు. గోడ కనిపించదు, అన్నీ బోర్డులే. జావా, ఒరాకిల్, టెస్టింగ్ టూల్స్, ఒకదాని మీద ఒకటి. నాలుగడుగులు వేసేసరికి చేతిలో గుప్పెడు కరపత్రాలు పడ్డాయి. నేను బీఎస్సీ కంప్యూటర్స్ చదివాను, ఆ తరవాత పెళ్ళయింది. ఒకచోట మొదటి అంతస్తులో ఫ్రీ డెమో అని రాసి ఉంటే, ఎండ దెబ్బకి కాసేపు ఫ్యాను కింద కూర్చోవచ్చని లోపలికి వెళ్ళాను. చిన్న గదిలో వందమందికి తక్కువ లేరు. మాస్టారు బోర్డు మీద రెండు పట్టికలు గీసి, కంప్యూటర్లో వాటిని కలపడం ఎలాగో చెబుతున్నారు. "ఈ రెండో దాంట్లో లేని పేరు జవాబులో ఎందుకొచ్చింది?" అని అడిగారు. ఎవరూ పలకలేదు. నా నోటి నుంచి జవాబు వచ్చేసింది. ఆయన తలెత్తి, "వెనకున్న మేడం గారు, అదెలా తెలిసిందో గట్టిగా చెప్పండి" అన్నారు. లేచి చెప్పాను. గంట అయిపోయినా లేవబుద్ధి కాలేదు.

మ్యాచ్ పంజాగుట్ట చౌరస్తా దాటాక, బంజారా హిల్స్ ఎక్కే రోడ్డు పక్కన ఒక ఇండోర్ హాల్లో. అమీర్‌పేట నుంచి బస్సుంది కానీ సాయంత్రాలు ఆ చౌరస్తాలో బస్సు కన్నా మనిషే ముందు చేరతాడు. మేం నడిచే వెళ్ళాం. టికెట్ యాభై. సగం కుర్చీలు ఖాళీ. కిశోర్ నన్ను యాదగిరి పక్కన కూర్చోబెట్టారు. యాదగిరి జట్టులో అందరికన్నా పొడుగు, బోరబండ కుర్రాడు. మోకాలికి దెబ్బ తగిలి కట్టుతో కూర్చున్నాడు. "ఫికర్ చెయ్యకుండ్రి వదినా, అన్నీ నేను చెప్త" అన్నాడు. నిజంగానే చెప్పాడు. ఎక్కడి నుంచి వేస్తే రెండు, ఎక్కడి నుంచి వేస్తే మూడు, విజిల్ ఎందుకు ఊదాడు, ఆట ఎందుకు ఆగింది. ఒకటి అర్థమయ్యేలోపు ఇంకో మూడు జరిగిపోయేవి.

మొదట్లో నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. లోపల ఓడిపోతే బాగుండునన్న ఆశ ఉంది, అది ముఖం మీద కనిపిస్తుందేమోనని భయం. రెండో క్వార్టర్లో అవతలి జట్టువాడు మోచెయ్యి తగిలిస్తే కిశోర్ జారుతూ వచ్చి మా కుర్చీల ముందే పడ్డారు. నేను లేచి, "కళ్ళు కనిపించట్లేదా నీకు!" అని ఆ ఏడడుగుల మనిషి మీద అరిచాను. హాలంతా తిరిగి చూసింది. కిశోర్ కింద నుంచే నన్ను చూసి నవ్వి లేచారు. ఆ తరవాత నేను కూర్చోలేదు. బాల్ ఆయన చేతికొచ్చిన ప్రతిసారీ నా గొంతు నాకే వినిపించేది. కాలేజీ, సోమవారం, అన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు.

చివరికి ఒక్క పాయింటు వెనక ఉన్నాం. కొద్ది సెకండ్లే మిగిలాయి. కిశోర్ బాల్ తీసుకుని ఇద్దర్ని తప్పించుకుని కుడి పక్క నుంచి పైకి లేచారు. బజర్ మోగింది. బాల్ వలలోంచి కిందికి జారింది. నేను రెండు చేతులూ పైకెత్తి గెంతాను, అరిచాను, యాదగిరి భుజం పట్టుకుని ఊపేశాను. కొంతసేపటికి గానీ తెలియలేదు, గెంతుతున్నది నేనొక్కదాన్నేనని. రిఫరీ చేతులు అడ్డంగా ఊపుతున్నాడు. అవతలి జట్టు కోర్టు మధ్యకి పరిగెత్తుతోంది.

"వదినా, కూసోండ్రి" అన్నాడు యాదగిరి మెల్లగా.

"గెలిచాం కదా! బాల్ పడింది, నేను చూశాను."

"పడ్డది. బజర్ మోగినంక ఇడ్సిండంటున్నరు. లెక్కల్కి రాదు."

"నువ్వు చూశావుగా, నీకెలా అనిపించింది?"

అతను కట్టు కట్టిన కాలు చాపుకుని ఆలోచించాడు. "నాకైతే ముందే ఇడ్సినట్టు కనవడ్డది. మనోడు గద వదినా, మనకు గట్లనే కనవడ్తది."

కోచ్ మాత్రం ఆలస్యమైందన్నాడు. పక్క వరసలో ఒక పెద్దాయన కాలేదని వాదించాడు. కిశోర్ బెంచీ మీద వంగి బూటు లేసులు విప్పుతున్నారు. దగ్గరికి వెళ్ళాను. "ఏవండీ" అన్నాను. ఆయన తల ఎత్తకుండానే, "నా చేతిలోంచి ఎప్పుడు వెళ్ళిందో నాకే తెలీదు లావణ్యా" అన్నారు. నేను కోరుకున్నదే జరిగింది. మరి నాకు ఏడుపెందుకు వస్తోందో అర్థం కాక చున్నీతో ముఖం తుడుచుకున్నాను.

జట్టంతా పంజాగుట్టలో ఒక ఇరానీ హోటల్‌కి వెళ్ళింది, నన్నూ తీసుకెళ్ళారు. చాయ్, బిస్కెట్లు, ఆకలైనవాళ్ళకి బిర్యానీ. ముందు అందరూ తలలు వంచుకుని తిన్నారు. తరవాత యాదగిరి నేను గెంతిన తీరు చేసి చూపించాడు, అందరూ పడీపడీ నవ్వారు. కిశోర్ కూడా. అంత ఓటమి తరవాత ఇంత నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియలేదు. వచ్చే సీజన్ ఉంటే ఫోన్ చేస్తామని మేనేజర్ చెప్పి వెళ్ళాడు. 'ఉంటే' అన్న మాట అందరూ విన్నారు.

అక్కడి నుంచి మేమిద్దరం అమీర్‌పేట వైపు నడిచాం. ఆయన మనసు మళ్ళించాలని పొద్దున నేను కూర్చున్న క్లాసు గురించి మొదలుపెట్టాను. రెండు పట్టికలు, లేని పేరు, మాస్టారి ప్రశ్న. చెబుతూ చెబుతూ రోడ్డు పక్క స్కూటర్ సీటు మీద వేలితో గీసి చూపించాను. ఆయన నిలబడిపోయారు.

"నువ్వు చేరు."

"ఎక్కడ?"

"ఆ క్లాసులో. మూడు నెలలేగా."

"నేను మిమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చానండీ!"

"నేను వెళ్తాను. సోమవారం కాలేజీలో చేరతాను. నువ్వు ఇక్కడుండు."

"ఓడిపోయింది మీరు. ఉండిపోవాల్సింది నేనా? ఇదెక్కడి న్యాయం?" అన్నాను. కోపంగా అన్నాననుకున్నాను, ఆయనకి నవ్వులా వినిపించిందట. "సాయంత్రం నువ్వు అరిచావు చూడు, ఎవరూ నాకోసం అలా అరవలేదు. నన్నూ నీకోసం ఒకసారి అరవనీ" అన్నారు. రోడ్డు మీద అంతమంది మధ్య ఆ మాటకి ఏం చెయ్యాలో తెలియక కరపత్రాలిచ్చే కుర్రాడి దగ్గర ఇంకో కాగితం తీసుకున్నాను.

ఆదివారం పొద్దున గ్రేస్ ఆంటీని మూడు నెలలకి మంచం అడిగాను. ఆమె ఎవరు గెలిచారని అడగనేలేదు. సాయంత్రం సికింద్రాబాద్‌లో ముందే కొనుక్కున్న నా తిరుగు టికెట్ రద్దు చేసుకుని, కిశోర్‌ని ఎక్కించాను. రైలు కదిలాక ఆయన తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపారు. ప్లాట్‌ఫాం మీద మిగిలింది నేను. అక్కడ మిగిలిపోయే మనిషి ఆయనేమోనని భయపడి వచ్చినదాన్ని.

ఇది రాసేటప్పటికి నా కోర్సు సగమైంది. కిశోర్ కాలేజీలో పిల్లల్ని ఆడిస్తున్నారు. మేనేజర్ ఫోన్ ఇంకా రాలేదు. అది రావాలో వద్దో ఇద్దరం తేల్చుకోలేదు. ఇన్ని నెలలు గెలిచి ఒక్క సాయంత్రం ఓడితే ఆ సీజన్ బాగా జరిగినట్టా, జరగనట్టా అని ఒక రాత్రి ఫోనులో అడిగాను. ఆయన, "నాకు బాగానే జరిగినట్టుంది" అన్నారు. నాకూ అలాగే అనిపిస్తోంది. ఎందుకో మాత్రం అడక్కండి. మీలో ఎవరైనా మనవాళ్ళ ప్లేఆఫ్ చూడటానికి ఊరు దాటి వెళ్తుంటే ఒక్క మాట: తిరుగు టికెట్ ముందుగా కొనకండి, మ్యాచ్ అయ్యాక, అందరూ కాస్త ఏదైనా తిన్నాక కొనండి.