కాఫీ దగ్గర ఆపేసిన సాక్ష్యం

నల్లగండ్ల నుంచి ఆ పాత చర్చికి నడిచే వెళ్లానని ఇంట్లో చెప్పాను. నిజానికి మలుపు దాకా ఆటోలోనే వెళ్లాను. దిగాక కాస్త ఒగర్చాను, అంతే.

ఆ చర్చి ఒకప్పుడు ఊరిది. ఇప్పుడు ఊరు లేదు. అద్దాల మేడల మధ్య రాతి గోడలు, పెంకుల కప్పు మిగిలాయి. రోడ్డవతల కిరాయి హాల్లో పెద్ద తెరలు, రంగు దీపాలతో ఇంకో ఆరాధన జరుగుతుంది. మా మనవరాలు అక్కడికే వెళుతుంది. "తాతయ్యా, ఆ చర్చిలో దేవుడికి కూడా ఉక్కపోస్తుంది" అంటుంది.

మా ఆవిడ పోయాక నేను చర్చి గడప తొక్కడం అదే మొదలు. చెప్పులు బయట విడిచి చాప మీద కూర్చున్నాను. పాట అయ్యాక పాస్టరయ్యగారు కొత్త మొహమని నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు చేసిన మేలు నలుగురిలో నిలబడి చెప్పాలి. నిలబడితే నా నోరు ఆగదు.

"డాక్టర్లు చేతులెత్తేశారు. రాత్రంతా మోకాళ్ల మీదే ఉన్నాను. తెల్లారేసరికి మా ఆవిడ లేచి కూర్చుని కాఫీ అడిగింది."

"స్తోత్రం" అన్నారందరూ. అక్కడితో ఆపి కూర్చున్నాను. ఈ రోజుల్లో సాక్ష్యమంటే బాగుపడ్డవాళ్లదే. పోయినవాళ్ల గురించి చెప్పుకోవడానికి ఆ తెరల ముందూ చోటు లేదు, ఈ చాపల మీదా లేదు.

బయట చెప్పులు తొడుక్కుంటుంటే ఒకామె వచ్చింది. ఏదో ఆఫీసులో ఊడ్చే పని యూనిఫాం చీరలోనే ఉంది.

"తాతా, జర ఆగు. మా ఆయన దవాఖానల ఉన్నడు. ఇగ లాభం లేదు, తీస్కపొమ్మన్నరు. ఇంటికి పోదమని ఆయన గూడ ఒకటే ఏడుపు. నీ సాక్ష్యం ఇన్నంక ఇగ తీస్కరాను. నువ్వేం ప్రార్థన చేసినవో జెప్పు, గదే చేస్త."

చెప్పు కాలికి ఎక్కలేదు.

"అమ్మా, కాఫీ అడిగింది నిజం. మధ్యాహ్నానికి పోయింది. నేను మోకాళ్ల మీద కూడా లేను, కుర్చీలో నిద్రపోయాను."

"మరి గంత మందిల గట్లెందుకు చెప్పినవ్?"

"మేలు చెప్పమన్నారు కదమ్మా. నాకు మిగిలింది అదొక్కటే."



"అడిగిన కాఫీ తాగిందా?"

"రెండు గుక్కలు."

"ఇంటికే తెస్త తియ్" అని కొంగుతో మొహం తుడుచుకుని బస్సు వైపు వెళ్లిపోయింది.

నేను మళ్లీ లోపలికి వెళ్లి ఈసారి నిజంగానే మోకాళ్లూనాను. స్వస్థత అడగడానికి ధైర్యం చాలలేదు. ఇల్లు చేరేదాకా వాళ్లాయన్ని ఉంచమన్నాను.