రేషం అంటిన నీలం బండి

మా ఊళ్ళో మొట్టమొదట డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకున్నది నేను. హిందూపురం పోయి, రివర్సులో ఎనిమిది అంకె తిప్పి, పాతిన కట్టెల్లో ఒక్కదానికీ తగలకుండా తెచ్చుకున్నాను. నా తరువాత చాలామంది తెచ్చుకున్నారు. వాళ్ళలో సగం మందికి నేర్పింది నేనే. మిగతా సగం మంది ఎట్లా నేర్చుకున్నారో వాళ్ళ బండ్లను చూస్తే తెలుస్తుంది.

నా పేరు తిప్పన్న. పెనుకొండ దగ్గరి పల్లె. మా ఊరి బడిలో ఐదో తరగతి చదివాను. నా దస్తూరి చూసి అయ్యవారు బడి గోడ మీద బడి పేరు నాతోనే రాయించారు. ఆ తరువాత ఎవరెవరో సున్నం కొట్టారు, రంగులు వేశారు, కొత్త అక్షరాలు రాశారు. వాన పడి గోడ తడిస్తే మాత్రం నా అక్షరాలే బయటికి వస్తాయి.

లారీ క్లీనరుగా మొదలుపెట్టి, డ్రైవరునై, చివరికి సొంతంగా నీలం రంగు పికప్ బండి కొన్నాను. ఆ బండిలో ధర్మవరం నుంచి ఎన్ని పెళ్ళిళ్ళకు పట్టుచీరలు తెచ్చానో లెక్క లేదు. నడి వానలో తెచ్చినా ఒక్క అంచు తడవలేదు. తనకల్లుకు విత్తనపు శనక్కాయ తోలాను. లేపాక్షిలో చెడిపోయిన బస్సును తాడు కట్టి లాగాను. బుక్కపట్నం చెరువు నిండి మరువ పారిన ఏడు అక్కడి చేపలను మూడు ఊళ్ళకు చేర్చాను. ఆ వాసన బండిలోంచి పోవడానికి ఉగాది దాకా పట్టింది. వాసన సంగతి ముందు ముందు మళ్ళీ వస్తుంది కాబట్టి ఇది చెప్పాను.

వీటన్నిటికంటే పెద్దది ఇంకొకటి ఉంది. నా బండి ఏ ఏడూ ఎఫ్‌సీ తప్పలేదు. బండి రోడ్డు మీద తిరగడానికి పనికివస్తుందని బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూసి ఇచ్చే కాగితమే ఎఫ్‌సీ. పెద్ద పెద్ద లారీల ఓనర్లు హిందూపురంలో బండ్లు చూసే మైదానంలో తల గోక్కుంటూ నిలబడిన రోజుల్లో కూడా నేను సంతకం పెట్టించుకుని, టీ తాగి, ఇంటికి వచ్చేవాణ్ణి.

పోయిన ఏడు ఇన్‌స్పెక్టరు బండి చుట్టూ తిరిగి, వెనక బాడీ అడుగు రేకును పెన్నుతో పొడిచాడు. పెన్ను అవతలికి పోయింది.

"ఏమప్పా తిప్పన్నా, ఇది బండా, జల్లెడా?"

"బండే సార్."

"ఈసారికి పెడతాండా. వచ్చే ఏడు ఇట్లే తెస్తే సంతకం పెట్టను. పాత ఇనుము కింద తూకానికి ఏస్కో."

ఆ మాట నేను మరిచిపోలేదు. సంతకం పడకపోతే బండి పాత ఇనుమే. ఈ వయసులో ఇంకొకటి కొనేది లేదు. బండి ఉంటే నేను డ్రైవరు తిప్పన్నను. లేకపోతే అరుగు మీద కూర్చున్న ఒక ముసలాయన్ను. అరుగు మీద ఇప్పటికే చాలామంది ఉన్నారు. చోటు కూడా లేదు.

హిందూపురంలో షెడ్డుకు ఇవ్వమని అందరూ అన్నారు. షెడ్డుకు ఇస్తే బండిని ఎవరు బాగు చేశారంటే షెడ్డువాడి పేరు చెప్పాలి. అందుకని మా ఇంటి ముంగిట్లోనే బాగు చేస్తానని ఊరందరికీ చెప్పాను. మా ఊరి ఇమ్మానుయేలు హిందూపురంలో టింకరింగ్ పని చేస్తాడు. సొట్టలు తీయడం, రేకులు అతకడం, రంగు కొట్టడం వాడి పని. వాడికి డ్రైవింగ్ నేర్పింది నేనే కాబట్టి రానని అనలేడు. పని దిగి రోజూ సాయంత్రం వచ్చేవాడు.

బోల్టులు తుప్పు పట్టి తలలు లేకుండా పోయాయి. గ్యాస్ కటింగ్‌తో కోసి బాడీని చాసిస్ మీద నుంచి దించి ఇటుకల మీద పెట్టాము. అడుగు రేకు మొత్తం తీసేసి కొత్తది వేశాము. మడ్‌గార్డులకు చిల్లులు పడిన చోట కోసి అతుకులు వేశాము. తలుపుల సొట్టలు లోపలి నుంచి కొట్టి లేపి, లప్పం పెట్టి, ఎమరీ పేపరుతో రుద్దాము. రుద్దింది నేను. అరచేత్తో తడిమి ఎత్తుపల్లం చెప్పగలను. ఇమ్మానుయేలు కూడా నా చెయ్యినే అడిగేవాడు. ఒక తలుపైతే ముఖం చూసుకునేంత నున్నగా వచ్చింది. అయితే నా ముఖం చూసుకునే అలవాటు నాకు లేదు.

ఆషాఢం వచ్చింది. ఎఫ్‌సీ తేదీ దగ్గర పడింది. కింద కొంచెం వెల్డింగ్ మిగిలి ఉండగానే విడి తలుపులకు రంగు మొదలు పెడదామని ఒక సాయంత్రం థిన్నర్ డబ్బా మూత తీశాము. తీసీ తీయకముందే గోడ అవతలి నుంచి బాలనాగమ్మ వచ్చింది.

బాలనాగమ్మ మా తమ్ముడి భార్య. తమ్ముడు పోయాక ఎకరా మల్బరీ తోట పెట్టి, మా గోడకు ఆనుకుని షెడ్డు వేసుకుని రేషం పురుగులు సాకుతోంది. పట్టుపురుగులను మా వైపు రేషం పురుగులనే అంటారు. ఏ పంటా చెడగొట్టుకోని మనిషి. గట్టిగా మాట్లాడదు.

"బావా, ఆ డబ్బా మూత పెట్టు."

"ఏంటికి?"

"పురుగులు నాలుగో జ్వరం లేచినాయి. ఇప్పుడు ఆ వాసన తగిలితే ఆకు ముట్టవు. గూడు కట్టవు."

పురుగు పాత చర్మం వదిలే ముందు మేత మాని పడుకుంటుంది. దాన్ని జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు లేచాక పురుగు బకాసురుడి మాదిరి తింటుంది. ఆ తిండి తిన్నాకే గూడు. ఆ వారం దినాలు చెడితే పంట అంతా చెడినట్టే. ఇది నాకు తెలియనిది కాదు.

"ఎన్ని దినాలు ఆగాల?"

"తిని, పండి, గూడు కట్టి, లోపల పురుగు గట్టిపడేదాకా."

"తేదీ చెప్పు."

"పురుగుకు తేదీలు తెలీవు బావా."

ఇమ్మానుయేలు గాలిలో చెయ్యి పెట్టి చూశాడు. ఆషాఢం గాలి మా వైపు పడమటి నుంచి తూర్పుకు తోస్తుంది, నెలంతా మారదు. ఆమె షెడ్డు మాకు తూర్పున ఉంది.

"అన్నా, మా చర్చి ఎనక తావుండాది. వెల్డింగ్ అయినాక ఆడికి తోలుకోని పోయి కొడదాం."

"ముంగిట్లో చేస్తానని చెప్పినా. ముంగిట్లోనే అయితాది."

"అయితాది సరే. ఎప్పుడయితాది?"

నేను మూత పెట్టాను.

ఆగడమంటే ఊరికే ఆగడం నాకు చేతకాదు. రంగు ఆపినవాణ్ణి మిగతా వాసనలను ఎందుకు వదలాలి? మొదట నా బీడీలు మానేశాను. తరువాత అగరబత్తీలు అమ్మే మనిషిని వీధి మొగలోనే ఆపి, అటే పంపించాను. ధర్మవరం నుంచి శ్రావణంలో జరిగే పెళ్ళికి పత్రిక ఇవ్వడానికి వచ్చిన బంధువులు ఒంటి నిండా సెంటు కొట్టుకుని వచ్చారు. వాళ్ళను కూడా మొగలోనే నిలబెట్టి పత్రిక తీసుకున్నాను. ఇంటికి రమ్మని పిలవలేదని వాళ్ళకు ఇంకా కోపం ఉందని విన్నాను. పంట వచ్చింది కాబట్టి ఆ కోపం సంగతి నేను పట్టించుకోలేదు.

మా ఇంటామె నారాయణమ్మతోనే కొంచెం ఇబ్బంది అయింది. ఎండుమిరపకాయల తాళింపు వద్దన్నాను.

"బాలనాగమ్మ అడిగిందా?"

"అడగలేదు. నా పెయింటే ఆగినాక నీ తాళింపు ఎట్ల నడుస్తాది?"

"పెయింటు నేను తింటానా?"

అయినా ఆగింది. చప్పటి పప్పు తిన్నాము. మూడో రోజు ఆమె గిన్నె నా ముందు పెట్టి, "ఆ పురుగులకే నయం, ఆకన్నా రుచిగా ఉంటాది" అంది. నేను తిని లేచాను.

బస్సు దిగినవాళ్ళంతా ముంగిట్లో రంగు లేకుండా నిలబడిన తలుపులను చూసి పోయేవారు. టీ కొట్టు దగ్గర ఒకడు అడిగాడు.

"ఏమప్పా తిప్పన్నా, నీ బండి గుడ్డలిప్పుకోని కూసుండాదే. సిగ్గు లేదా దానికి?"

"దానికి రేషం గుడ్డలు నేస్తాండారు. గమ్మునుండు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

మబ్బు పట్టి చలి తగలడంతో పురుగులు ఒక పూట ఆలస్యంగా పండాయి. ఒళ్ళు పసుపు తిరిగిన పురుగులను ఏరి చంద్రికల మీద వదిలారు. చంద్రికలంటే గూడు కట్టడానికి పెట్టే వెదురు తట్టలు. ఆ పనికి మనుషులు చాలక నేనూ ఏరాను. నా చేత్తో వదిలినవి ఒకటీ కింద పడలేదు. ఈ లోపల కింది వెల్డింగ్ ముగిసింది. శనివారం బాడీని చాసిస్ మీదికి ఎక్కించి బోల్టులు బిగించి, తలుపులు తగిలించాము. ఎఫ్‌సీ సోమవారం.

ఆదివారం పొద్దున బాలనాగమ్మ ఒక గూడు తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల గలగలమంది. నాకిచ్చింది. నేనూ ఊపాను.

"ఇంగ కొట్టుకో బావా."

ఇమ్మానుయేలు చర్చిలో ప్రార్థన ముగించుకుని తెల్ల చొక్కాతోనే వచ్చి, దాన్ని మా దండెం మీద ఆరేసి, కంప్రెసరు తగిలించాడు. అప్పుడు నేను తెచ్చిన డబ్బా చూశాడు.

"అన్నా, ఇది ఎనామెల్. రేపు మాపటికి గానీ ఆరదు. డ్యుకో అయితే గంటలో ఆరుతాది."

"డ్యుకో పొట్టు మాదిరి లేచిపోతాది. ఎనామెల్ ఏనుగు తోలు."

"రేపు పొద్దున్నే కదన్నా ఎఫ్‌సీ."

"ఏనుగును తోలు ఆరినాకే తీస్కపోవల్లని యాడ రాసినారు? ఎవరూ ముట్టుకోకుంటే సరి."

కొట్టాము. చిమ్మిన చోటల్లా నీలం పరుచుకుంది. ఒక్క చార లేదు. అటువంటి నీలం ఆ బండి కొత్తలో కూడా లేదు. ఇమ్మానుయేలు చొక్కాకు మాత్రం కొంచెం తగిలింది.

సోమవారం పొద్దున బండిని ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా బయటికి తీశాను. గోడ పక్కన బాలనాగమ్మ గూళ్ళ సంచులు వరసగా పెట్టుకుని నిలబడి ఉంది. ఊళ్ళో గూళ్ళన్నీ మార్కెట్టుకు తోలే ఆటోవాడు జాతరకు పోయి రాలేదు. గూళ్ళు ఆగే సరుకు కాదు. ఆగేకొద్దీ తూకం తగ్గుతుంది. ఇంకా ఆగితే లోపలి పురుగు చిలుకై గూడు కొరికి బయటికి వస్తుంది. కొరికిన గూడు ఎవరికీ వద్దు.

ఆమె నన్ను అడగలేదు. బండి రంగు చూసి, "బాగుండాది బావా" అంది.

నేను బండి దిగలేదు. లోపల ఒకటే లెక్క. సంచులు ఎక్కిస్తే రంగు చెడుతుంది. రంగు చెడితే ఇన్‌స్పెక్టరు ఏమంటాడో తెలియదు. ఒక్క ఏడూ తప్పనిది ఈ ఏడు తప్పవచ్చు. తప్పితే అరుగు.

మా ఇంటామె గడపలోంచే మాట్లాడింది.

"ఆ పురుగుల కోసం ఇన్ని దినాలు తాళింపు లేని పప్పు తిన్నా. అవి ఈ పొద్దు అమ్ముడు పోకుంటే నేను తిన్నదంతా దండగ."

దిగి వెనక తలుపు తీశాను. పాత చీరలు పరిచి సంచులు ఎక్కించాము. గూళ్ళ మీద నుంచి ఒలిచిన నూగు ఒక గోతంలో ఉంటే దాన్ని కూడా పైన పెట్టింది. నూగుకు కూడా ఏదో ధర వస్తుంది. ఆ గోతం మూతి కట్టింది బాలనాగమ్మ. ఆమె కట్టిన ముడి ఊడటం నేను చూసింది అదొక్కసారే.

ఆ ముడి దారిలో ఊడింది. ఆషాఢం గాలి సంగతి ముందే చెప్పాను. హిందూపురం గూళ్ళ మార్కెట్లో దిగి చూస్తే నూగంతా బండి మీద ఉంది. తలుపులు, మడ్‌గార్డులు, బాడీ పక్కలు, వెనక తలుపు, ఎక్కడా ఖాళీ లేదు. నీలం మీద తెల్లగా, మబ్బు పట్టిన ఆకాశం మాదిరి. ఒకచోట పీకి చూశాను. నూగుతో పాటు రంగు కూడా వచ్చింది. వదిలేశాను.

గూళ్ళకు మంచి ధర పలికింది. ఆనాటి వరసలో బాలనాగమ్మవే మేలైనవని కొన్నవాళ్ళే అన్నారు. ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగి, నా ముఖం చూసి, "నేనూ వస్తా బావా, సారుకు నేను చెప్తా" అంది.

"నువ్వు చెప్పేదేముంది. ఎక్కు."

మైదానంలో అదే ఇన్‌స్పెక్టరు. నా బండి వరసలోకి రాగానే ముందున్న లారీలవాళ్ళు దిగి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు వాళ్ళను తప్పించుకుని ముందుకు వచ్చాడు.

"ఏమప్పా ఇది?"

"రేషం సార్."

"బండికి రేషం ఏంటికి అతికించినావు?"

"నేను అతికించలేదు సార్. అదే వచ్చింది."

"నా పురుగులది సార్" అంది బాలనాగమ్మ.

ఇన్‌స్పెక్టరు ఆమెను చూశాడు, బండిని చూశాడు. పోయిన ఏడు పొడిచిన చోటు గుర్తు పెట్టుకుని పోయి, అదే తావులో పెన్నుతో పొడిచాడు. పెన్ను మొన విరిగింది. మడ్‌గార్డు అతుకుల మీద పిడికిలితో కొట్టాడు, చిల్లుల కోసం వంగి కింద చూశాడు. బ్రేకులు వేయించాడు, లైట్లు వేయించాడు, హారన్ కొట్టించాడు. చివరికి తలుపు మీద చెయ్యి ఆనించి నిలబడి ఆలోచించాడు. చెయ్యి తీస్తే అరచేయి నీలంగా ఉంది, దాని మీద నూగు.

బాలనాగమ్మ తన కొంగు అందించింది. ఆయన తుడుచుకున్నాడు.

"ఇంట్లోనే చేసినావా బాడీ?"

"ముంగిట్లో సార్."

"తుప్పు లేదు, చిల్లి లేదు. బండికి వెంట్రుకలు ఉండకూడదని నాకు రూలేమీ కనపడలేదు" అని, ఇంకొకరి పెన్ను అడిగి తీసుకుని సంతకం పెట్టాడు. కాగితం ఇస్తూ, "వచ్చే ఏడు దువ్వుకోని రా" అన్నాడు.

ఊరికి వచ్చాక ఇమ్మానుయేలు బండిని చూసి కొంతసేపు అరుగు మీద కూర్చున్నాడు. ఎమరీ పేపరుతో రుద్ది మళ్ళీ కొడతానన్నాడు. వద్దన్నాను. ధర్మవరం చీరలు ఎన్నో మోసిన బండి, ఒకటి తాను కట్టుకుంటే తప్పేముంది? జిల్లాలో ఇంకే పికప్‌కూ రేషం లేదు. టీ కొట్టు దగ్గరివాణ్ణి పిలిచి చూపించాను. వాడు ఈసారి నవ్వలేదు.

ఆ సాయంత్రం మా ఇంటామె పొయ్యి మీద బాణలి పెట్టి, డబ్బాలో మిగిలి ఉన్న ఎండుమిరపకాయలన్నీ ఒకేసారి నూనెలో వేసింది. గాలి పడమటి నుంచే వీస్తోంది. షెడ్డు ఖాళీగా ఉంది. మా వీధి తూర్పు కొస దాకా అందరూ తుమ్మారు.