పుంజుకు పోసిన పడుగు గంజి

ఒక పెద్దమనిషి తెల్లకోటును నా కోడిపుంజు ఏం చేసిందో చెప్తాను. మీ ఒంటిమీద ఉతికిన బట్టలుంటే కాస్త దూరం జరిగి చదవండి.

అప్పుడు నేను కబ్బన్‌పేటలో మగ్గం నేసేవాణ్ని. వేళ్లకు నూలు తెలుసు గానీ అక్షరం తెలీదు. అది నాకు వచ్చింది తల నెరిసినాకే. గర్వపడేదానికి అక్షరాలెందుకు? నేను గంజి పట్టించిన పడుగులో, అదే మగ్గానికి నిలువునా కట్టే నూలులో, పోగు తెగదని పేటంతా చెప్పుకునేది. ఎవరూ చెప్పని రోజు నేనే చెప్పుకునేవాణ్ని.

నాకొక తెల్ల సీమపుంజు ఉండేది. కోళ్ల ప్రదర్శనలో దానితో పక్కింటి కిష్టప్ప పుంజును ఓడించాలని నా పంతం. ఒళ్లు చేయాలంటే ఏం పెట్టాలా అని చూస్తుంటే, పడుగుకు పోను కుండలో మిగిలిన గంజి కనబడింది. దారానికే అంత బలమిచ్చేది కోడికి ఇవ్వదా?

"ఏమయ్యా, అది పులిసి నురగ కక్కుతా ఉండాది," అనింది మా ఇంటిది నరసమ్మ.

"నురగలోనే సత్తువ. కోళ్ల సంగతి నీకేం తెలుసు?"

"గంజి సంగతి తెలుసులే."

రోజూ పోసినా. పుంజు మెడకింద మేతసంచి ఉబ్బి ఉబ్బి, చాకలిమూట మాదిరి ముందుకొచ్చింది. నడిస్తే లోపల గుడగుడ. మేత ముట్టలేదు. కడుపు నిండిందనుకున్నా.

కిష్టప్ప గోడమీద నుంచి తొంగిచూసి, "ఏమప్పా, నీ పుంజుకు నెలలు నిండినట్టుండాదే," అన్నాడు.

"అది ఛాతీ. నీదానికి లేదని కుళ్లుకోవద్దు," అన్నా.

ప్రదర్శన రోజు పశువుల డాక్టరు ఒక్కో కోడినే చూస్తా వచ్చినాడు. నా పుంజు కళ్లు మూసుకొని తూగుతా ఉంది.

"ఏమప్పా, ఇట్లుండాది?"

"గొప్పింటి బిడ్డ సార్. ఊరికే లేవదు."

ఆయన దాన్ని ఎత్తుకొని సంచిని మెల్లగా నొక్కినాడు. కొళాయి తిప్పినట్టే. నోట్లోంచి పులిసిన నీళ్లు ఆయన కోటుమీద, టైమీద. కల్లంగడి తలుపు తెరిచినట్టు వాసన. పక్క గూళ్లలో కోళ్లు కూడా మొహం తిప్పుకున్నాయి.

"ఏం పెట్టినావు దీనికి?"

"పడుగు గంజి సార్."

"పులిసిందా?"

"బ్రహ్మాండంగా సార్."

ఆయన టై తుడుచుకుంటా అన్నాడు: "ఇది జబ్బప్పా. ఈస్టు అని, కంటికి కనబడని బూజుజాతి. సంచి లోపలంతా పట్టింది. నీ గంజి దానికి పండగ భోజనం. ఇంకా పోస్తే పుంజు దక్కదు."

ఆయన తడికోటు పట్టుకున్నా. "బతికించండి సార్. ప్రైజు కిష్టప్పకే ఇచ్చుకోండి."

"నాకెట్లాగూ ఇస్తారులేప్పా, నువ్వు కోడిని చూసుకో," అన్నాడు వెనకనుంచి కిష్టప్ప.

డాక్టరు నన్నూ వెంటబెట్టుకొని పుంజును పశువుల కాలేజీకి తీసుకుపోయి, తలకిందులుగా పట్టుకొని సంచి ఖాళీ చేసినాడు. రవ్వంత మైలుతుత్తం కలిపిన నీళ్లు తాపించినాడు. దాని నోటి చుక్క ఒకటి గాజుబిళ్లమీద వేసి, భూతద్దాల మిషను కింద పెట్టి, చదువుకునే పిల్లలందరినీ పిలిచినాడు. నన్నూ చూడమన్నాడు. ఆ ఈస్టంతా గుండ్రంగా, ఒకదానికొకటి మొగ్గ తొడిగి, అచ్చం మల్లెమొగ్గల దండ. నా ఛాతీ పుంజు సంచి కంటే పెద్దదయింది.

పుంజు కోలుకొని మళ్లీ కూసిన పొద్దున వీధి అరుగుమీద నిలబడి చెప్పినా: "ప్రైజు ఎవరైనా తెస్తారు. కాలేజీ పిల్లలు వరసగట్టి చూసింది ఎవరి పుంజునప్పా?"

"వాళ్లు చూసింది పుంజును కాదయ్యా," అనింది నరసమ్మ, "నీ గంజిని."

అప్పుడే లోపలికి పోయి మగ్గంమీద చెయ్యిపెట్టి ఒట్టేసినా. కాలేజీదాకా పేరు పోయిన గంజిని, ఈ జన్మలో మళ్లీ కోళ్లపాలు చేయనని.