జేజి పాస్ చేసిన కంబళి కోటు

ఆ రోజుల్లో మా ప్రొద్దుటూరులో చలి అంటే, తెల్లవారుజామున బావినీళ్ళు ఒక చెంబెడు నెత్తిన పోసుకుని 'అబ్బా' అన్నంతసేపు ఉండేది. రెండో చెంబుకు అలవాటైపోయేది. కార్తీకంలో పెద్దవాళ్ళు తువ్వాలు చెవుల మీదుగా చుట్టుకుని అరుగుల మీద కూర్చుంటే ఊళ్ళోకి చలికాలం వచ్చినట్టు లెక్క. పొద్దు బారెడెక్కేసరికి అదే తువ్వాలుతో చెమట తుడుచుకునేవాళ్ళు. కోటు అనే వస్తువును ప్లీడర్ల ఒంటి మీద, పెళ్ళి బ్యాండువాళ్ళ ఒంటి మీద తప్ప ఎన్నడూ చూడని మా ఇంటిల్లిపాదీ కలిసి ఒకసారి చలికోటు ఎంపిక చేశారు. (ఎంపిక చేసింది వాళ్ళు. మోసింది నేను.) ఆ వైభోగం గురించి ఇన్నేళ్ళకు చెప్పుకోవడానికి నాకిప్పుడు సిగ్గు లేదు. అప్పుడు మాత్రం బోలెడంత ఉండేది.

రాజధాని కర్నూలులో ఉన్న కాలమది. నేను నర్సు చదువు పూర్తిచేసి, పసిపిల్లల వైద్యంలో పై శిక్షణకు దరఖాస్తు పెట్టుకుంటే, నెలలోపల వచ్చి చేరమని ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. మా వీధిలో మద్రాసు దాటి వెళ్ళిన ఆడపిల్ల లేదు. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. మా నాయన బట్టల అంగడిలో గుమాస్తా, ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలడు. ఉత్తరమంతా గట్టిగా చదివి, ఆఖరి వరుస కూడా అదే ఊపులో చదివేశాడు: వెచ్చటి ఓవర్‌కోటు ఒకటి, చేతి తొడుగులు, మఫ్లరు, ఉన్ని మేజోళ్ళు వెంట తెచ్చుకోవలెను. ఆ వరుస ఒక్కటి మింగేసి ఉంటే మా జేజి, అంటే నాయనను కన్నతల్లి, నన్ను నవ్వుతూ సాగనంపేదే.

జేజి వక్క కొరకడం ఆపింది. "కోటు తెచ్చుకోమని వాళ్ళే రాసినారంటే, ఆడ ఎంత చలి ఉండాదో సూడు. మా తమ్మునికి ఏమయిందో మర్సిపోయినారా?" అంది. ఎవరూ మరచిపోలేదు. జేజి తమ్ముడు మిలిటరీ తాత యుద్ధకాలంలో ఎక్కడో మంచుదేశానికి పోయి, కుడికాలి వేళ్ళు రెండు చలికి పోగొట్టుకుని వచ్చాడు. చెప్పులో కాలు పెట్టినప్పుడల్లా ఆ సంగతి మా అందరికీ గుర్తు చేసేవాడు. "పాపను పంపనని నేను అనలే. సదువుకుంది, పోనీ. కానీ ఆ కోటేదో ముందు నాకు సూపీండి. చలి ఆగుతాదని నాకు నమ్మకం కుదిరితే పోతాది. లేదంటే ఈన్నే ఉంటాది" అని తేల్చేసింది. మా ఇంట్లో జేజి మాట శిలాశాసనం. అంటే నా ఢిల్లీ, నా చదువు, నా బతుకు అన్నీ నేనింకా చూడని ఒక కోటుకు వేలాడుతున్నాయన్నమాట.

నాయన మొదట తను పనిచేసే అంగడి శెట్టిగారినే అడిగాడు. నలభై రకాల వాయిళ్ళు, మల్లుగుడ్డలు వేళ్ళతో తాకి పేరు చెప్పగల శెట్టిగారు ఉన్ని అనేసరికి నవ్వారు. "మన ఊర్లో ఉన్ని గుడ్డ ఎవురు కొంటారప్పా? బెంగుళూరు నుంచి తెప్పియ్యాల. దాని ధర ఇంటే నీకు పట్టే చెమటకు, ఇంగ కోటుతో పనే ఉండదు" అన్నారట. ధర ఎంతో నాయన మాకు ఎప్పటికీ చెప్పలేదు. ఇంటికొచ్చి రెండు చెంబుల మజ్జిగ తాగి పడుకున్నాడు. పాపం, శెట్టిగారు మంచివారు. మఫ్లరుకని ఎర్రటి ఫ్లానెలు ముక్క ఊరికే ఇచ్చి పంపారు.

తరువాత జమ్మలమడుగు సంతలో మిలిటరీ కోటు ఒకటి అమ్మకానికి ఉందని తెలిసి నాయన బస్సెక్కి పోయి దాన్ని తెచ్చాడు. ఖాకీ రంగు, నాలుగు జేబులు, మోకాళ్ళ దాకా పొడవు. వేసుకుని అద్దంలో చూసుకుంటే నాకు నేనే సెల్యూట్ కొట్టుకోవాలనిపించింది. వెచ్చగా ఉంది, గట్టిగా ఉంది, చవక కూడా. ఇక ఢిల్లీ చేరినట్టే అనుకుంటుంటే జేజి ఆ కోటును ఎండకు ఎత్తిపట్టి చూసింది. ఎడమవైపు జేబు కింద సన్నటి రంధ్రంలోంచి వెలుతురు వచ్చింది.

"ఏందిరా ఇది?"

"పురుగు కొట్టిందిలేమ్మా," అన్నాడు నాయన.

"పురుగు సరిగ్గా గుండెకాయ కాడే కొట్టిందా?"

ఎవరు చచ్చినప్పుడు తొడుక్కున్న కోటో అని జేజి దాన్ని గడప లోపలికి రానివ్వలేదు. చివరికి మా వీధి జట్కా ఆయన పట్టుకెళ్ళి, ముసలి గుర్రం మీద కప్పాడు. నా గడువులో సగం అప్పటికే అయిపోయింది. నేను అన్నం మానేసి (రెండు పూటలే, అమ్మ దగ్గర ఉగ్గాణి దొంగతనంగా తింటూ) నిరసన తెలిపాను.

అప్పుడు జేజికి తన పుట్టింటి పల్లె గుర్తొచ్చింది. అది పులివెందుల దగ్గర, గుట్టల్లో. "గొర్రెలోళ్ళు వానలో, మంచులో తెల్లార్లూ గుట్ట మీద ఉంటాండారే, వాళ్ళేమన్నా బెంగుళూరు కోట్లు తొడుగుతాండారా?" అని తనే బయలుదేరి పోయి, మూడోరోజు రెండు నల్లటి కంబళ్ళతో దిగింది. గొర్రెబొచ్చు వడికి నేసి, చింతగింజల గంజి పెట్టి ఆరబెట్టిన అసలైన కురబ కంబళ్ళు. చేత్తో రాస్తే కొబ్బరిపీచులా గీరుకునేవి. వీటితో కోటు కుట్టిస్తానంది. వెచ్చదనానికి వెచ్చదనం, మన్నిక ముప్ఫై ఏళ్ళు, ధర కూడా అందుబాటులో ఉంది. అందం సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను ఏడ్చాను. "నేను పోతాండేది ఢిల్లీకి జేజీ, గొర్రెలు కాయను కాదు" అన్నాను.

"నువ్వు ఏం కాయను పోతాండావో చలికి తెల్దు పాపా" అంది జేజి.

కుట్టే పని మిషను మామకు అప్పగించారు. ఆయన మా ఎదురింటి సాయిబు. నాయనకు వరసకు బావ, నాకు మామ. మా వైపు దర్జీలు ఆడపిల్లను టేపు పెట్టి కొలవరు. సరిగ్గా కుదిరిన పాత రవిక ఒకటి పంపితే దాన్ని చూసి కుడతారు. దాన్నే ఆది అంటాం. కోటుకు ఆది ఎక్కడి నుంచి వస్తుంది? నా ఆది రవికే పంపాము. దాన్ని బట్టి, వదులు ఎంత ఉంచాలో ఊహించి కుట్టాలి. మామ రెండు రోజులు ఆ రవికనూ కంబళ్ళనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడట.

ఇక్కడొక మాట చెప్పాలి. మామకు ఒక గుణం ఉంది, ఎవరి మాటా తీసేసే మనిషి కాడు. "వదులైతే బిగించొచ్చు. బిగుతైతే గుడ్డ యాడినుంచి తెస్తాం?" అనేవాడు. మొదట నాయన పోయి, కంబళి తడిస్తే దగ్గరికి లాగుతుంది, నాలుగు వేళ్ళు వదులు పెట్టు బావా అన్నాడు. సరేనన్నాడు. అమ్మ పోయి, ఆ దేశంలో గోధుమరొట్టెలు తిని పిల్ల ఒళ్ళు చేస్తుంది, నాలుగు వేళ్ళు పెట్టన్నా అంది. సరేనన్నాడు. జేజి పోయి, లోపల రెండు స్వెట్టర్లు వేస్తుంది కదా, నాలుగు వేళ్ళు పెట్టు అల్లుడా అంది. మిలిటరీ తాత తన అనుభవం కొద్దీ ఇంకో నాలుగు వేళ్ళు చెప్పాడు. ఇంతమందీ ఒకరికి తెలియకుండా ఒకరు పోయారు. ఈ కథలో అమాయకురాలిని నేనొక్కదాన్నే అని మీరు జాలిపడుతున్నట్టయితే ఆపండి. నేనూ పోయాను. చీర కుచ్చిళ్ళు నలగకూడదు మామా, నాలుగు వేళ్ళు వదులు పెట్టు అని చెప్పి వచ్చాను. మామ అందరికీ సరేనన్నాడు, అందరి వేళ్ళూ కలిపాడు.

కోటు వచ్చిన రోజు ఉదయం మామ దాన్ని భుజం మీద మోసుకొచ్చి, మా నడవలో దించాడు. చింతగింజల గంజి మహిమ, కోటు తనంత తానే నిలబడింది. లోపల మనిషి లేడని తెలిసినా అమ్మ పైట సర్దుకుంది. నేను దాంట్లో దూరితే చేతులు మాయమయ్యాయి, అంచు నేలను ఊడ్చింది, మెడ దగ్గర నుంచి నా తల మాత్రం కుండలోంచి తొంగిచూసినట్టు బయటికొచ్చింది. మామ కొంచెం నొచ్చుకుని, "ఒక్క పూట టైమియ్యి పాపా, తగ్గించి ఇస్తా" అన్నాడు. చేతి తొడుగులూ తెచ్చాడు. వాటికి ఆదిగా జట్కా ఆయన గుర్రాన్ని తోమే చేతిసంచి తీసుకున్నాడట. బొటనవేలికి ఒక గది, మిగతా నాలుగు వేళ్ళూ ఉమ్మడి కాపురం.

"ఆగు. తగ్గించేది తర్వాత. ముందు చలి ఆగుతాదో లేదో సూడాల" అంది జేజి. ప్రొద్దుటూరులో చలి ఎక్కడ దొరుకుతుంది? నాయన తల గోక్కుని, శెట్టిగారి సాయం అడిగాడు. ఊళ్ళో కొత్తగా ఐసు ఫ్యాక్టరీ పెట్టారు. మధ్యాహ్నానికల్లా రంపపుపొట్టులో చుట్టిన ఐసుదిమ్మె ఒకటి తోపుడుబండి మీద మా వాకిట్లోకి వచ్చింది. జేజి దాని మీద నన్ను కూర్చోమంటుందేమో అనుకున్నాను. "నీ మాట నేను నమ్మను, వణకతా కూడా ఎచ్చగుండాదంటావు" అని, డెబ్భై ఏళ్ళ మా జేజి ఆ కోటు తొడుక్కుని, అంచులు కిందికి మడుచుకుని, గుర్రపు తొడుగులు రెండు చేతులకూ వేసుకుని, ఐసుగడ్డ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

వీధి వీధంతా చేరింది. అమ్మ చుట్టిచ్చిన తమలపాకు జేజి నోట్లో పెట్టుకుని నిదానంగా నమలసాగింది. ఆకు పూర్తయ్యేదాకా కూర్చోవాలని తనకు తనే నియమం పెట్టుకుంది. మిలిటరీ తాత పక్కనే నిలబడి, "అక్కా, కాలివేళ్ళు ఆడిస్తా ఉండు" అంటూ సలహాలిచ్చాడు. జేజి ముఖంలో ఒక్క ముడత కదిలితే నా రైలు పోయినట్టే. ఐసు కరిగి నీళ్ళు వాకిలి దాటి కాలవలోకి పోతున్నాయి. చివరికి జేజి ఆకు ఉమ్మేసి లేచింది. నుదుటి మీద చెమట.

"ఏం తెలీలే. పో పాపా" అంది. నేను ఆ కోటుతో సహా జేజిని కావలించుకున్నాను. చేతులు సగం దూరం కూడా అందలేదు.

మామ కత్తెర తీశాడు. జేజి కసిరింది. "పాసయిన కోటుకు కత్తెర పెడతావా? అదెట్ల ఉండాదో అట్లనే పోవాల." అంతే, అది అట్లనే వచ్చింది. ఎర్రగుంట్లలో నాయన నన్ను రైలెక్కిస్తుంటే, పక్క సీటులో నిలబడ్డ కోటును చూసి టిక్కెట్టు కలెక్టరు, ఆ పెద్దాయన టిక్కెట్టు ఏదమ్మా అని అడిగాడు.

ఢిల్లీలో హాస్టలు పిల్లలు నన్ను చూసి నవ్వారు. నవ్వరా మరి. వాళ్ళవి నడుము దగ్గర కుదించిన నీలం కోట్లు, నాది నడిచే గుడారం. మొదటి పదిరోజులు దాన్ని మంచం వెనక దాచి, చీర కొంగు కప్పుకుని పళ్ళు కొరుక్కుంటూ డ్యూటీకి పోయాను. (తప్పు నాది. చలి నా గొప్పతనాన్ని ఏమాత్రం లెక్కచేయలేదు.) పదకొండో ఉదయం పొగమంచు ఎంత దట్టంగా కమ్మిందంటే ఆసుపత్రి బస్సు రాలేదు. నేను సిగ్గు విడిచి కోటు తొడుక్కుని గేటు దగ్గర నిలబడ్డాను. నా పక్కన మలయాళీ పిల్ల ఒకతె సన్నటి శాలువాలో వణికిపోతోంది. పెదవులు నీలంగా మారాయి. మా భాషలు కలవవు. కోటు ముందుభాగం తెరిచి చూపించాను. వచ్చి దూరింది. ఇంకా చోటుంది. నీలంకోటు బెంగాలీ పిల్ల కాసేపు బింకంగా చూసి, ఆమె కూడా దూరింది. బొత్తాలు పెడితే పట్టాయి.

మేట్రన్ వచ్చేసరికి పొగమంచులో ఒక కోటు, మూడు తలలు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "ఇది ఎవరి కొలతలకు కుట్టించావమ్మాయ్?" అని అడిగింది. ఏం చెప్పను? నాయనవి నాలుగు వేళ్ళు, అమ్మవి నాలుగు, జేజివి నాలుగు, తాతవి నాలుగు, నావి నాలుగు అని ఇంగ్లీషులో చెప్పడం నాకు చేతకాలేదు. "మా ఇంటివాళ్ళవండీ" అన్నాను. మా వాళ్ళంతా ఒక్కొక్కరు పోయి నా కోసం వదిలిపెట్టించిన చోటది. ఆ చలికాలమంతా మేము ముగ్గురం దాంట్లోనే బస్సు కోసం నిలబడ్డాం. నేను మొదటి తరగతిలో పాసై ఇంటికొస్తే, పాసయింది కోటని జేజి అందరికీ చెప్పుకుంది.

జేజి పోయి చాలా కాలమైంది. కోటు మాత్రం మా ఇంటి మూలన ఇప్పటికీ కొయ్య లేకుండా నిలబడే ఉంది. మొన్న మా తమ్ముడి మనవరాలు సిమ్లాలో ఉద్యోగం వచ్చిందని కొత్త కోటు కొనుక్కొచ్చి చూపించింది. పూరీలా పొంగి ఉంది, చేతిలో పట్టుకుంటే బరువే లేదు. "మంచులోకి కూడా ఇది చాలు అవ్వా" అంది. నేను దాన్ని నలిపి చూశాను, ఎండకు ఎత్తిపట్టి చూశాను, కుట్లు లాగి చూశాను. "ఒక నాలుగు వేళ్ళు వదులుంటే బాగుండేది" అన్నాను. ఆ గొంతు ఎవరిదో నాకు అప్పుడే తెలిసింది, నవ్వొచ్చింది. అయినా ఊరుకోలేక, ఫ్రిజ్జులో ఐసు ఎంత ఉందని అడిగాను. దాహమేమో అనుకుని, పాపం, ఆ పిల్ల గ్లాసులో రెండు ముక్కలు వేసి తెచ్చింది.