ఆగితే విరిగే రొట్టె

మంగవ్వ రొట్టె విరగదు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఎవరిని అడిగినా ఈ మాట చెబుతారు. ఎవరూ చెప్పకపోతే మంగవ్వే చెబుతుంది. ఆ ఒక్క విషయంలో ఆమెకు మొహమాటం బొత్తిగా లేదు.

సాయంత్రం ఐదున్నరకు బండి మీద పొయ్యి వెలిగిస్తుంది. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల పిల్లలు, పంజాగుట్ట ఆసుపత్రుల్లో డ్యూటీ దిగిన నర్సులు, షుగరు వచ్చిందని డాక్టరు బెదిరిస్తే ఉన్నట్టుండి జొన్నల మీద ప్రేమ పుట్టిన పెద్దమనుషులు వరుసలో నిలబడతారు. ఉడుకు నీళ్లు పోసి, రెండు రొట్టెలకు సరిపడా జొన్న పిండి మాత్రమే కలిపి, అరచేతి మొదలుతో పిసికి, పీట మీద టపటపా కొట్టి, అరచేతి మీదుగా పెనం మీదికి జార్చి, పైన తడి గుడ్డతో ఒక్కసారి తుడుస్తుంది. చూసేవాడు రెప్ప వేసి తెరిచేలోగా రొట్టె తిరగబడి ఉంటుంది.

జహీరాబాద్ పక్క పల్లె నుంచి పందొమ్మిదేళ్ల కిందట భర్త సారయ్యతో వచ్చింది. సారయ్యకు సనత్‌నగర్‌లో ఒక చిన్న కార్ఖానాలో పని. మంగవ్వకు చదువు రాదు, కుట్టుపని రాదు, వచ్చింది ఒక్క రొట్టె. దాంతోనే ఫుట్‌పాత్ మీద మూడు రాళ్ల పొయ్యి పెట్టి, ఆ పైన బండి కొని, ఇద్దరు ఆడపిల్లలను డిగ్రీ దాకా చదివించింది. కనుక ఆ రొట్టె మీద ఆమెకున్నది ఉత్త గర్వమంటే నేను ఒప్పుకోను. విరిగిన రొట్టె ఆమె బండి మీద అమ్మకానికి రాదు. ఎప్పుడో ఏడాదికొకటి విరిగినా జనం కంటబడకముందే సారయ్య నోట్లోకి పోతుంది.

పక్క బండి యేసుమణిది. ఆమె పుల్కాలు చేస్తుంది. "పుల్కా ఇరగమన్నా ఇర్గదు, గండ్ల గొప్పేమున్నది" అని మంగవ్వ అంటే, "నీ రొట్టె ఇర్గిన నాడు నేను సందు మొత్తానికి లడ్డూలు పంచుత అక్కా" అని యేసుమణి అంటుంది. ఇద్దరూ రోజుకొకసారి ఇలా అనుకోకపోతే ఇద్దరికీ అన్నం సహించదు.

పోయిన ఏడాది వానాకాలంలో ఈ సందులోకి ధాత్రి అనే అమ్మాయి వచ్చింది. తెనాలి పిల్ల. నగరంలోని ఒక విశ్వవిద్యాలయంలో ఆహార శాస్త్రంలో పరిశోధన చేస్తోంది. వచ్చిన మొదటి రోజు ఎల్లిపాయ కారంతో రెండు రొట్టెలు తిని, చేతులు కడుక్కుని, "మంగవ్వగారూ, మీ రొట్టె ఎందుకు విరగదండీ?" అని అడిగింది.

మంగవ్వను 'గారు' అన్న మనిషి ఆ పిల్లే మొదటిది. నవ్వు ఆపుకోలేక చేతిలో పిండి పీట మీద పెట్టేసింది.

"ఎందుకిర్గుతది బిడ్డా? ఇర్గకుంట చేస్త గనుక ఇర్గది."

"మా ల్యాబ్‌లో విరుగుతోందండీ. గోధుమ పిండిలో ఉండే సాగే గుణం జొన్నలో లేదు. లెక్క ప్రకారం మీదీ విరగాలి."

"మీ లెక్కనే ఇర్గింది పో" అంది మంగవ్వ.

మర్నాటి నుంచి ధాత్రి రోజూ వచ్చింది. నాలుగు నెలల పాటు బండి పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, పుల్ల లాంటి థర్మామీటరు ఒకటి పిండిముద్దలోకి గుచ్చుతూ, ఫోన్‌లో సెకన్లు చూస్తూ, పుస్తకంలో రాసుకుంది. "పిండికి జరమొచ్చిందా బిడ్డా?" అని మంగవ్వ ఆటపట్టించేది. హాస్టల్ పిల్లలు ఫొటోలు తీసేవాళ్లు. ఎనిమిది వందల రొట్టెలు కొలిచాక అమ్మాయి స్టూలు మడిచి మంగవ్వ కాళ్లకు దండం పెట్టి వెళ్లిపోయింది. ఏం కొలిచిందో మంగవ్వకు తెలియదు, అడగనూ లేదు. తన రొట్టె గురించి తనకు తెలియనిది ఏముంటుందని ఆమె ధీమా.

ధాత్రి పరిశోధన విదేశీ పత్రికలో అచ్చయింది. ఆమె ప్రొఫెసర్ నవీన మేడమ్ ఆ సంగతి గ్రాఫులతో సహా ఊళ్లో ఉన్న పత్రికలన్నింటికీ పంపింది. ఎవరూ వేయలేదు. మనకు తెలిసిందే కదా, విశ్వవిద్యాలయం పేరు పేపర్లో పడాలంటే క్యాంపస్‌లో ధర్నా అయినా జరగాలి, గెస్ట్‌హౌసు గోడయినా కూలాలి. పిండి ఎంత వేడిగా ఉందో తెలిపే గీత ఎవరికి కావాలి? చివరికి వివేక్ అనే కుర్ర విలేకరి మాత్రం ఫోన్ చేసి, "గ్రాఫులు నాక్కూడా అర్థం కాలేదు మేడం, ఆ రొట్టెలు చేసే ఆమెను చూపించండి, ఆదివారం పేజీలో వేస్తా" అన్నాడు.

పేపర్లో ఫొటో పడుతుందని తెలిసిన మంగవ్వ ఆ కబురును కడుపులో దాచుకునే మనిషి కాదు. బుధవారం పొద్దుటికి పిండి గిర్నీ వాడికి తెలుసు, మధ్యాహ్నానికి మెట్రో పిల్లర్ దగ్గర పూలమ్మే ఆమెకు తెలుసు. గురువారం సాయంత్రం చిలకపచ్చ చీర కట్టుకుని పొయ్యి వెలిగించేసరికి బండి చుట్టూ కొనేవాళ్ల కన్నా చూసేవాళ్లు ఎక్కువున్నారు. కార్ఖానాలో సెలవు పెట్టి సారయ్య కూడా వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో. కెమెరాతో వివేక్, అతని వెంట నవీన మేడమ్, ధాత్రి వచ్చారు.

వివేక్ మంచివాడే, పనిమంతుడే. అతని వల్లే కొంప మునిగింది.

మంగవ్వ ఉడుకు నీళ్లు పోసింది. "అమ్మా, జర ఆగుండ్రి, ఆవిరి మంచిగొస్తుంది" అన్నాడు కెమెరా ఎత్తి. ఆగింది. పిండి పిసికింది. "ఇటు చూసి నవ్వుండ్రి." నవ్వింది. పీట మీద కొట్టడం మొదలుపెట్టింది. "చెయ్యి గట్లనే గాలిల ఉంచుండ్రి, ఒక్క సెకన్." ఉంచింది. ఇంకో సెకన్, ఇంకో సెకన్. చివరికి ఎత్తబోతే రొట్టె నడిమికి చీలి సగం చేతికి వచ్చింది, సగం పీటకు అంటుకుంది.

వరుసలో ఎవరో "అయ్యో" అన్నారు.

"మళ్లోసారి చేద్దాం అమ్మా" అన్నాడు వివేక్ నెమ్మదిగా. మళ్లీ ఆవిరి, మళ్లీ నవ్వు, మళ్లీ గాలిలో చెయ్యి. రెండోది పెనం అంచున విరిగింది. మూడోది అరచేతిలోనే మూడు ముక్కలైంది. యేసుమణి పట్టకారుతో పుల్కా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. లడ్డూల మాట ఎత్తలేదు. అది మంగవ్వకు మరీ బాధనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ అని చెప్పుకుందామంటే పొయ్యి గ్యాసుది.

ఇంతలో పక్కన ఎవరో నవ్వారు. ధాత్రి. విరిగిన ముక్కలోకి థర్మామీటరు గుచ్చి, దాన్ని నవీన మేడమ్‌కు చూపిస్తూ, పిల్ల నిలబడిన చోటే గెంతుతోంది.

మంగవ్వ అటు తిరిగింది. "నా ఇజ్జత్ పోతే నీకు నవ్వొస్తుందా బిడ్డా? నాలుగు నెలలు నా రొట్టె తిన్నవ్."

ధాత్రి గెంతడం ఆపేసింది. చేతిలో థర్మామీటరుతోనే మంగవ్వ ఎదురుగా వచ్చి నిలబడింది.

"అయ్యో, అది కాదండీ. మీ చెయ్యి తప్పు చేయలేదు. మీ చేతికి తెలిసింది ఈయనకు తెలియదు, అంతే. వేడి నీళ్లు పడ్డాక జొన్న పిండికి కాసేపే పట్టు ఉంటుంది. చల్లారితే పోతుంది. అది చల్లారేలోపే మీరు పెనం మీద వేసేస్తారు. ఎనిమిది వందల సార్లు కొలిచాను, మీరు ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు. ఇవాళ ఈయన మిమ్మల్ని ఆపారు. చల్లారింది, విరిగింది. నేను గ్రాఫులు గీసి ఎవరికీ చెప్పలేకపోయింది ఇదేనండీ."

మంగవ్వ తన చేతులను ఒకసారి తిప్పి చూసుకుంది. పందొమ్మిదేళ్లుగా ఆ చేతులు పరుగెత్తుతుంటే బేరం ఎక్కువై పరుగెత్తుతున్నాయనుకుంది. వాటికి వేరే కారణం ఉందని ఇప్పుడే తెలిసింది.

"ఇప్పుడు ఈయన మాట వినకుండా చేయండి" అంది ధాత్రి.

చేసింది. ఎవరివంకా చూడలేదు, నవ్వలేదు. రొట్టె పెనం మీద చందమామలా ఉబ్బింది. సందంతా ఊపిరి పీల్చుకుంది. వివేక్ కెమెరా ఆపకుండా క్లిక్కుమంది.

అసలు చిక్కు అప్పుడు వచ్చింది. వివేక్ కెమెరా తెరలో రెండు బొమ్మలు చూపించాడు. ఒకదాంట్లో మూడు ముక్కలు, ఇంకోదాంట్లో ఉబ్బిన రొట్టె. "రెండూ పక్కపక్కన వేస్తే సగం పేజీ ఇస్తరమ్మా. ఒక్క పొంగిన రొట్టెనే అయితే ఏ మూలనో చిన్నగ పడుతది."

"ఇర్గిన రొట్టె పేపర్ల ఏస్తవా?" అంది మంగవ్వ. "రాష్ట్రమంత చూస్తది."

నవీన మేడమ్ వెంటనే అడ్డుపడింది. "మీరొద్దంటే వద్దు మంగవ్వ. మూలనే పడనీ, ఏమైతది."

ధాత్రి అడగలేదు, బతిమాలలేదు. పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. ఆ పెట్టుకోవడం చూసి మంగవ్వకు ఎలాగో అయింది. నాలుగు నెలలు పెనం సెగలో కూర్చుని కళ్లు ఎర్రగా చేసుకున్న పిల్ల. పెద్ద బిడ్డకు పరీక్ష ఫలితాలు వచ్చే రోజున తను పడ్డ గాభరా గుర్తొచ్చింది.

"నీ సదువంత గీ ఇర్గిన దాంట్లనే ఉన్నదా బిడ్డా?"

"సగం ఉందండీ" అంది ధాత్రి నిజాయితీగా. "మిగతా సగం పొంగినదాంట్లో ఉంది."

మంగవ్వ సారయ్య వంక చూసింది. సారయ్య "నీ ఇష్టం" అన్నట్టు తల ఊపాడు, ఎప్పటిలాగే ఏ సాయమూ చేయకుండా.

"సరే ఏసుకో" అంది వివేక్‌తో. "గని కింద రాయాలె. ఇర్గింది మంగవ్వ వల్ల గాదు, పేపరాయన ఆపిండు గనుక ఇర్గింది అని. రాస్తవా?"

"రాస్త అమ్మా."

"నీ పేరుతోని రాయాలె."

ఆదివారం దాకా మూడు రోజులు ఆమెకు మనసు మనసులో లేదు. ఒప్పుకున్నందుకు తనను తాను తిట్టుకుంది, ఆ తర్వాత వివేక్‌ను తిట్టింది, మిగిలింది సారయ్య మీద తీర్చుకుంది. ఆదివారం పొద్దున్నే సారయ్య పంజాగుట్ట సెంటర్‌కు నడిచి వెళ్లి ఐదు పేపర్లు కొనుక్కొచ్చాడు. ఐదూ ఒకే పేపరు. సగం పేజీ నిండా రెండు బొమ్మలు. విశ్వవిద్యాలయం పేరు, నవీన మేడమ్ పేరు, ధాత్రి పేరు, మంగవ్వ పేరు. విరిగిన రొట్టె బొమ్మ కింద రాసింది సారయ్య కూడబలుక్కుని చదివాడు: "ఈ రొట్టె విరగడానికి కారణం మా విలేకరి వివేక్. మంగవ్వకు క్షమాపణలు."

మంగవ్వ దాన్ని ఏడుసార్లు చదివించుకుంది.

సాయంత్రం వరుస మెట్రో పిల్లర్ దాకా పోయింది. ఫోన్‌తో వచ్చిన ప్రతివాడూ "అక్కా, జర ఆగు" అంటే, "ఆగ, ఆగితే ఇర్గుతది, పేపర్ సదవలేదా?" అని ఆమె దబాయించింది. యేసుమణి ఒక మిఠాయి డబ్బా తెచ్చి సందంతా లడ్డూలు పంచింది. "ఇర్గింది కదా అక్కా, మాట మాటే" అంది. మంగవ్వ రెండు తీసుకుంది.

పది రోజుల తర్వాత నవీన మేడమ్ పిలిస్తే మొగుడూ పెళ్లాలు విశ్వవిద్యాలయానికి వెళ్లారు. వరండాలో అద్దాల బోర్డు ఒకటి ఉంది. విశ్వవిద్యాలయం గురించి పేపర్లలో ఏమొచ్చినా కత్తిరించి అందులో పెడతారట. పైన మూడు వరుసలు: ఆచార్యులు, విద్యార్థులు, పరిశోధన. ఆఫీసు గుమాస్తా రాకేశ్ సగం పేజీ కత్తిరింపు పట్టుకుని నిలబడ్డాడు.

"పరిశోధన కింద పెట్టాలె గద మేడం?"

"ధాత్రి గురించి రాసింది పరిశోధన కింద పెట్టు" అంది నవీన మేడమ్. ఆ పేపరే ఇంకొకటి సంచిలోంచి తీసి, మంగవ్వ బొమ్మ ఉన్నంత మేర కత్తెరతో చుట్టూ కత్తిరించింది. "ఇది ఆచార్యుల కింద."

రాకేశ్ ఇబ్బందిగా కదిలాడు. "గా వరుసల ప్రొఫెసర్లనే పెడ్తం మేడం."

"నా విద్యార్థికి నాలుగు నెలలు నేర్పింది ఈమె. నా వల్ల కానిది నేర్పింది. నేర్పేవాళ్ల వరుస ఇంకోటుంటే చెప్పు, గండ్లనే పెడ్దాం."

రాకేశ్ అద్దం తెరిచాడు. ఏమంటున్నారో సారయ్య మంగవ్వ చెవిలో విడమరిచి చెప్పాడు: పిల్లలకు చదువు చెప్పే పెద్దపెద్ద సార్లు, మేడమ్‌ల వరుసలో నిన్ను పెడుతున్నారు. మంగవ్వ పైనున్న బొమ్మలను ఒక్కొక్కటిగా చూసింది. టైలు కట్టుకున్నవాళ్లు, కళ్లద్దాల వాళ్లు, శాలువాలు కప్పించుకుంటున్నవాళ్లు. వాళ్ల పక్కన చిలకపచ్చ చీర. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది, ఎవరూ చూడకుండా కళ్లు కూడా. నవీన మేడమ్ వైపు తిరిగింది.

"మరి నేను నేర్పే పిల్లలు ఎన్నడొస్తరు మేడం?" అంది. "పొద్దుగాలనైతే నాకు ఖాళీనే."